అయిదేళ్ల ట్రెయిలర్ కర్టెన్లు, ఇరవై ఎనిమిది బిళ్లలు

ప్రయాణాల్లో పడుకోవడానికి, వండుకోవడానికి వీలున్న మా చిన్న ట్రెయిలర్ బండితోపాటే వచ్చిన కర్టెన్లు ఇవి. అయిదేళ్లలో నాలుగుసార్లు ఉతికాను. ఉతకడంలో పెద్ద కష్టమేమీ లేదు. నా పేచీ అంతా వాటిని విప్పి, మళ్లీ తగిలించడంతోనే.

కొత్తలో వీటిని చూసి మురిసిపోయిన మాట నిజం. మా ట్రెయిలర్ గోడ పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతుంది. మామూలు కర్టెన్ అయితే కింది అంచు గోడను వదిలి పక్క మీదికి వేలాడుతుంది. అందుకని పైనా కిందా ట్రాకులు, అంటే గాడి ఉన్న పట్టీలు, పెట్టి, గుడ్డను రెండింటి మధ్య బిగించారు. బండి ఎంత కుదిపినా కర్టెన్ ఊగదు, తెల్లవారుజామున ముఖం మీద ఎండ పడదు. ఆ మెప్పును ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను. కాకపోతే అప్పటికి నేను వాటిని ఒక్కసారి కూడా విప్పలేదు.

గుడ్డ అంచుకు నైలాన్ బిళ్లలు కుట్టి ఉంటాయి, పైన పద్నాలుగు, కింద పద్నాలుగు. వాటిని ట్రాక్ చివరి నుంచి జార్చి తీయాలి. మంచం పక్క కిటికీకి ఆ చివరే లేదు! ట్రాక్ ఒక కొస అల్మారాకు, రెండోది గోడకు ఆనుకుని ఉంది. కర్టెన్‌తో సహా ట్రాకును బిగించి, ఆ తర్వాత అల్మారా నిలబెట్టి ఉంటారు. ఇక దాన్ని ఉతకాలంటే ట్రాకునే ఊడదీయాలి. గోడకున్నది పలుచని ప్లైవుడ్. మూడోసారి విప్పి బిగించేసరికి రెండు స్క్రూలు పట్టు తప్పి ఊరికే తిరగడం మొదలుపెట్టాయి. రంధ్రంలో జిగురు పూసిన అగ్గిపుల్లలు కూరి, ఒక రోజు ఆరనిచ్చాక మళ్లీ బిగిశాయి.

ఆ మూడోసారే అసలు ఘోరం జరిగింది. పరుపు మీద వెల్లకిలా పడుకుని, పెదవుల మధ్య స్క్రూలు పెట్టుకుని, మెడ పట్టేసేదాకా ఒక్కొక్క బిళ్లనూ ఎక్కించాను. కిందివీ ఎక్కించి, ట్రాకులు బిగించి, లేచి కూర్చుని చూస్తే పూల వైపు బయటికి, వెలుతురును ఆపే తెల్లపూత నా వైపుకు ఉంది. ఆ రాత్రి అలాగే పడుకున్నాను. మర్నాడు విప్పుతుంటే ఎండకు పెళుసెక్కిన రెండు బిళ్లలు పుటుక్కున విరిగాయి.

నాలుగోసారి బుద్ధి వచ్చింది. ట్రాక్ ప్లాస్టిక్‌దే కదా అని, అల్మారాకు నాలుగు వేళ్ల దూరంలో దాని ముందు పెదవిని, అంటే బిళ్లలను పట్టి ఉంచే అంచును, చిన్న రంపపు బ్లేడుతో ఒక బిళ్ల పట్టేంత కోసి, ఆకురాయితో నునుపు చేశాను. ఇప్పుడు బిళ్లలన్నీ ఆ గండిలోంచే వస్తాయి, పోతాయి. గంటన్నర పని పది నిమిషాలకు వచ్చింది. ఇంత ఆనందం ఆ బండి కొన్నరోజు కూడా కలగలేదు. గతుకుల దారిలో మాత్రం ఒకటి రెండు బిళ్లలు అక్కడినుంచే జారిపోతాయి. బయలుదేరే ముందు గండి మీద టేపు ముక్క అంటిస్తున్నాను.

ట్రాకులో బిళ్లలు తేలిగ్గా జారాలని మొదట నూనె రాశాను. అది దుమ్మును పట్టి నల్లటి జిడ్డయింది. కొవ్వొత్తి ముక్కతో రుద్దడమే మేలు. పూత ఉన్న గుడ్డను గోరువెచ్చని నీళ్లలో చేత్తోనే ఉతకాలి. రెండోసారి డ్రయ్యర్‌లో వేస్తే వేడికి పూత ఒకదానికొకటి అంటుకుని పొరలుగా లేచింది. కాస్త తడిగా ఉండగానే తగిలిస్తే ముడతలు పోయే మాట నిజమే, కానీ తలుపు తెరిచి ఉంచాలి. రాత్రి మన ఊపిరి తేమ చల్లని అద్దం మీద నీరై కింది అంచుకు ఎలాగూ దిగుతుంది, బూజు మచ్చలు వచ్చేదీ అక్కడే. వెనిగర్ కలిపిన నీళ్లకు వాసన పోయింది, మచ్చలు లేత బూడిదరంగులో మిగిలాయి.

మేమిద్దరమే, ఏడాదికి అయిదారు ప్రయాణాలు. ఆ లెక్కన ఇంకో రెండేళ్లు వస్తాయి. పిల్లలున్నవారు, బండిలోనే కాపురముండేవారు తరచూ ఉతకాల్సి వస్తుంది, వాళ్లకు ఈ ట్రాకుల ఏర్పాటు నచ్చుతుందని అనుకోను. వంటగట్టు పైనున్న చిన్న కర్టెన్‌ను నేనింతవరకు ఉతకనేలేదు. దాని ట్రాక్ కొసలు రెండూ అరల వెనకే ఉన్నాయి, ముందు పెదవేమో అల్యూమినియం. తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటున్నాను.