పాత ట్యూబ్‌లైటా, ఎల్‌ఈడీనా?

తిరుపతి కొర్లగుంటలోని మా ఇంట్లో రెండూ ఉన్నాయి. హాల్లో పాత నాలుగడుగుల ట్యూబ్‌లైటు, వంటింట్లో ఎల్‌ఈడీ పట్టీ.

ట్యూబ్ మీద 36 వాట్లని ఉంటుంది. కానీ ట్యూబ్‌కు వెళ్లే కరెంటును అదుపు చేసే పాత రాగి చోక్ ఇంకో పది, పన్నెండు వాట్లు తాగుతుంది. అదే పొడవున్న ఎల్‌ఈడీకి 20 వాట్లు చాలు. రోజుకు ఆరు గంటలు వెలిగితే నెలకు దాదాపు 5 యూనిట్ల తేడా వస్తుంది.

ఓల్టేజీ పడిపోతే ట్యూబ్ మినుకుమంటూ ఉంటుంది, స్టార్టర్ తిప్పాల్సిందే. మాటిమాటికీ వేసి ఆర్పే బాత్రూంలో అయితే త్వరగా చివర్లు నల్లబడి పోతుంది. అక్కడ ఎల్‌ఈడీయే నయం.

అయినా ట్యూబ్ వెలుగు చుట్టూరా మెత్తగా పరుచుకుంటుంది. మా అమ్మ ఇప్పటికీ దాని కిందే కూర్చుని పూలు కడుతుంది. ఎల్‌ఈడీ కొంటే పాలరంగు మూత ఉన్నది చూడండి, కళ్లలో గుచ్చదు. వెలుగు రంగును కెల్విన్‌లలో చెబుతారు: పడగ్గదికి 6500 కెల్విన్ తెలుపు వద్దు, 3000 పసుపు హాయి.

నా అసలు భయం ట్యూబ్‌లోని పాదరసం. పగిలితే పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, కాసేపాగండి. చీపురు వాడొద్దు. అట్టముక్కతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, అన్నీ మూతున్న డబ్బాలో వేయండి. తడిచెత్తలో కలపకండి.

బాగా వెలుగుతున్న ట్యూబ్‌ను పీకేయక్కర్లేదు. పోయాక ఎల్‌ఈడీ పెట్టించండి. పాత ట్యూబ్‌లైటు పట్టీలోనే ఎల్‌ఈడీ బిగిస్తే చోక్ తీసేయాలో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే స్విచ్ వేయండి.