ఇల్ పారియా: అలంకరణలు లేని కాశీ

కాశీలో కులం దాచుకొని సేనానాయకుడైన ఒక యువకుడి కథను ఇటలీ స్వరకర్త గయెటానో డొనిజెట్టి ఒపెరాగా, అంటే పాటలతోనే నడిచే సంగీతనాటకంగా, మలిచాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ‘ఇల్ పారియా’ అనే ఆ రెండంకాల కృతి 1829 జనవరి 12న నేపుల్స్‌లోని సాన్ కార్లో నాటకశాలలో తొలిసారి ప్రదర్శితమై, పెద్దగా నిలదొక్కుకోకుండానే మరుగున పడింది. అందులోని కొంత సంగీతాన్ని డొనిజెట్టి తరువాత తన ఇతర ఒపెరాలైన ‘అన్నా బొలేనా’లోనూ, ‘టొర్క్వాటో టాసో’లోనూ వాడుకున్నాడు. మరచిపోయిన ఒపెరాలను వెలికితీయడమే పనిగా 1970లో లండన్‌లో ఏర్పడిన ఒపెరా రారా సంస్థ ఈ కృతిని 2019 జూన్ 8న బార్బికన్ హాలులో కచేరీ రూపంలో వినిపించింది. అదే గాయకులతో, అదే వాద్యబృందంతో చేసిన రికార్డింగును 2021లో రెండు సీడీలుగా విడుదల చేసింది. ఆ రాత్రి హాలులో ఉండే అవకాశం నాకు కలగలేదు. ఈ సమీక్ష ఆ సీడీలను అనేకసార్లు విన్న మీదట రాస్తున్నది.

కచేరీ రూపం అంటే తెరలు, వేషాలు, నటన ఏవీ లేకుండా గాయకులు వాద్యబృందం ముందు నిలబడి పాడడం. పద్యనాటకాన్ని రంగు పూసుకోకుండా హార్మోనియం పక్కన నిలబడి పాడినట్టుగా దీనిని ఊహించుకోవచ్చు. చూసే ఆనందం కొంత పోతుందన్నది నిజమే. కానీ ఈ ఒపెరా విషయంలో ఆ లోటే గొప్ప మేలు చేసిందని నా దృఢమైన అభిప్రాయం. కథకు మూలం ఫ్రెంచి రచయిత కజిమిర్ దెలవీన్ 1821లో రాసిన నాటకం. దాన్ని ఇటాలియన్‌లోకి మలిచినవాడు దొమెనికో జిలార్దోని. ఇదామోరె, నెఆల, జరేతె, అకెబారె అన్న పాత్రల పేర్లు కాశీలో ఎవరూ పెట్టుకునేవి కావు. పారియా అన్న మాట సైతం తమిళదేశపు పరయర్ల పేరు నుంచి ఐరోపా భాషలకు చేరినదే కాని, గంగాతీరపు మాట కాదు. ఇటువంటి కథను రంగస్థలం మీద ప్రదర్శిస్తే ఏనుగులు, గోపురాలు, మెరిసే తలపాగాలు అడ్డం వచ్చి, మనలాంటి ప్రేక్షకులకు దృష్టంతా తప్పుల మీదికే పోతుంది. కచేరీలో అవేవీ ఉండవు. సంగీతంలో భారతీయ ఛాయలు తెచ్చే ప్రయత్నం డొనిజెట్టి చేయలేదు కనుక, మిగిలేవి కొడుకును వెదుక్కుంటూ వచ్చిన ఒక ముసలి తండ్రి, ఆ తండ్రిని విడిచి వచ్చిన కొడుకు, వారిద్దరి మధ్య నిలిచిన కులం.

అందువల్లనే ఈ రికార్డింగుకు ప్రాణం జరేతె పాత్ర అని నేను అంటాను. కథానాయకుడైన ఇదామోరెకు తండ్రి అయిన ఈ పాత్రను డొనిజెట్టి ఆనాటి మహాగాయకుడు లుయీజీ లబ్లాష్ కోసం రాశాడు. ఇక్కడ పాడినవారు జార్జియా దేశానికి చెందిన మీషా కిరియా. తనవారు పడిన హింసను తలచుకునే ఘట్టంలో ఆయన గొంతు పెంచకుండా, ఒక్కొక్క మాటను ఆనించి పలుకుతూ పాడిన తీరు విన్నప్పుడు, ఇటాలియన్ రాని నాకు కూడా అర్థం ముందుగానే అందినట్టయింది. తండ్రీకొడుకుల యుగళగీతంలో నిష్ఠూరం, ప్రేమ ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. ఆ భాగాన్ని నేను వరుసగా మూడుసార్లు విన్నాను.

ఇదామోరె పాత్ర ఆనాటి ప్రసిద్ధ టెనర్ (ఎత్తు స్వరాలు పాడే పురుష గాయకుడు) జియోవాని బత్తీస్తా రూబీనీ కోసం రాసినది కనుక స్వరాలు అసాధారణమైన ఎత్తులకు వెళతాయి. ఆ కాలపు టెనర్లు పై స్వరాలను గొంతు సన్నం చేసి పాడేవారు. నేటివారు నిండు గొంతుతో అందుకోవాలని చూస్తారు. అమెరికన్ టెనర్ రెనే బార్బెరా ఎక్కువ చోట్ల రెండవ మార్గాన్నే ఎంచుకున్నారు. ఆయన ధైర్యం మెచ్చుకోదగినదే అయినా, గొంతు తగ్గించి మెత్తగా పాడిన చోట్లనే ఆయన నాకు ఎక్కువ నచ్చారు. తాష్కెంట్‌లో పుట్టిన సోప్రానో (ఎత్తు స్వరాలు పాడే గాయని) అల్బీనా షగిమురాతోవా, ప్రధాన పూజారి కుమార్తె నెఆలగా, గమకాల వంటి వేగపు స్వరాలను ఎంతో స్పష్టంగా పలికించారు. మాటల ఉచ్చారణ అంత స్పష్టంగా లేదు. పూజారి అకెబారెగా మార్కో మిమీకా కఠినత్వాన్ని చక్కగా నిలిపారు.

బ్రిటెన్ సింఫోనియా వాద్యబృందాన్ని నడిపిన సర్ మార్క్ ఎల్డర్ తాళాన్ని ఎక్కడా బిగించి పట్టలేదు. పాటకు శ్వాస అవసరమైన చోట వాద్యాలు ఆగి నిలుస్తాయి, కోపం కమ్మిన చోట ముందుకు తోస్తాయి. ఒపెరా రారా బృందగాయకులు భక్తజనంగా పాడే భాగాలు మాత్రం కొంత సాదాగా ఉన్నాయి. ఆ లోపం ప్రధానంగా రచనలోనిదే.

ఆనాటి నేపుల్స్ ప్రేక్షకులు ఎదురుచూసే ముగింపు కథానాయిక ఒంటరిగా పాడే ఆర్భాటపు గీతం. ఇక్కడ అది లేదు. పవిత్రస్థలంలో అడుగుపెట్టాడని జరేతెను బంధించినప్పుడు ఇదామోరె తాను అతని కొడుకునని అందరి ముందూ ఒప్పుకుంటాడు. పూజారి ఇద్దరికీ మరణశిక్ష విధిస్తాడు. నలుగురి గొంతులు కలిసిన చతుష్కంతో కృతి ముగిసిపోతుంది. విజయగీతమూ లేదు, ఓదార్పూ లేదు. బహుశా ఈ ముగింపే ఆనాడు దానికి చేటు చేసి ఉంటుంది. ఈనాడు వింటుంటే, కొడుకు తండ్రి వైపు నిలబడిన ఆ క్షణం దాటాక వేరే పాటకు చోటు లేదని డొనిజెట్టికి తోచిందేమోననిపిస్తుంది.

సీడీల వెంట వచ్చే పుస్తకంలో ఇటాలియన్ పాఠమూ ఆంగ్లానువాదమూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిసారి వినేవారు రెండవ సీడీ చివరి చతుష్కాన్ని ముందుగా పాఠం చదువుకుంటూ విని, ఆ తరువాత మొదటికి వెళ్ళాలని నా సలహా.