పచ్చడి డబ్బాలో కంప్యూటరు: ఆరేళ్ల వాడకం తరువాత

2019 వేసవిలో సుమారు 1,100 రూపాయలకు తెప్పించుకున్న రాస్ప్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ అనే అరచేతిలో ఇమిడే కంప్యూటరు బోర్డు తిరుపతిలోని మా ఇంట్లో ఇప్పటికీ పనిచేస్తోంది. 65 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఆ బోర్డులో ఒకే కోరు ఉన్న 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు, 512 ఎంబీ మెమరీ, వైఫై ఉన్నాయి. అప్పట్లో పేరుకు 10 డాలర్ల వస్తువే అయినా రవాణా, పన్ను, అమ్మేవారి లాభం కలిసేసరికి మన చేతికి ఆ ధరకు రాలేదు. దానికి మెమరీ కార్డు, ఛార్జరు, తెర కేబులు తగిలించడానికి మినీ హెచ్‌డీఎంఐ తొడుగు, సెన్సర్లలాంటివి తగిలించడానికి పిన్నుల వరుస చేరాక ఖర్చు రెండింతలకు దగ్గరపడింది. పిన్నులు నేనే టంకం పెట్టుకున్నాను. నలభై పిన్నుల్లో మొదటి పది చూడడానికి ఏమంత బాగుండవు.

2012 ఫిబ్రవరి 29న మొదటి రాస్ప్‌బెర్రీ పై 35 డాలర్లకు వచ్చింది. 2015 నవంబరులో వచ్చిన జీరో ధర 5 డాలర్లే. పైగా దాన్ని తయారుచేసే రాస్ప్‌బెర్రీ పై సంస్థ తన పత్రిక అట్టకు దాన్ని అంటించి పాఠకులకు ఊరికే ఇచ్చింది. 35 డాలర్ల బోర్డును నేనైతే బల్ల మీద, గుడ్డ కప్పి, భద్రంగా పెట్టుకునేవాణ్ణి. జీరో విషయంలో ఆ జాగ్రత్త అక్కర్లేకపోయింది. పోతే పోయిందిలే అనుకోగలిగిన ధర కాబట్టే దాన్ని మిద్దె మీదికి, నీళ్ల ట్యాంకు పక్కకి ఎక్కించే ధైర్యం వచ్చింది.

మా వీధికి మునిసిపాలిటీ నీళ్లు ఎప్పుడు వస్తాయో చెప్పలేము కాబట్టి, సంపు నుంచి ట్యాంకుకు మోటారు వేసి మరిచిపోవడం మా ఇంట్లో నిత్యకృత్యం. ట్యాంకు మూతకు లోపలివైపు అల్ట్రాసోనిక్ సెన్సరు (చెవికి వినపడని ధ్వని పంపి, దాని ప్రతిధ్వనితో దూరం కొలిచేది) బిగించి, నీటిమట్టం ఎంత దూరంలో ఉందో జీరో కొలిచి ఫోనుకు పంపేలా అమర్చాను. ఇక్కడ నా తొందరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఆ సెన్సరు తిరిగి ఇచ్చే సంకేతం 5 వోల్టులు, బోర్డు పిన్ను తట్టుకునేది 3.3 వోల్టులు, మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి వోల్టేజీ తగ్గించాలని చదివి కూడా, ఒక్కసారికి ఏమవుతుందిలే అని నేరుగా తగిలించి ఒక పిన్నును శాశ్వతంగా పోగొట్టుకున్నాను. మిగతా బోర్డుకు ఏమీ కాలేదు. నెల తిరక్కుండా ఆవిరికి సెన్సరు తుప్పుపట్టడంతో నీటికి చెడని రకం వేయాల్సి వచ్చింది. మా అమ్మ మాత్రం, "నిండిందా లేదా అని ఒకసారి మిద్దెక్కి చూస్తే పోదా నాయనా, ఇంత రాద్ధాంతం ఎందుకు?" అని అడగడం ఈనాటికీ మానలేదు.

నేను పోగొట్టిన ఆ పిన్ను సంగతి వదిలేస్తే, ఈ ఆరేళ్లలో బోర్డు ఒక్కసారీ చెడలేదు. చెడినవన్నీ దాని చుట్టూ ఉన్నవే. ఇంట్లోని పాత ఫోను ఛార్జరుకు పది మీటర్ల సన్నని కేబులు తగిలించి మిద్దె మీదికి లాగితే, దారిలోనే వోల్టేజీ పడిపోయి బోర్డు మాటిమాటికీ ఆగిపోయేది, 4.63 వోల్టుల కంటే తగ్గితే అది హెచ్చరిస్తుందని అప్పుడే తెలిసింది. ఛార్జరునే పైకి మార్చి, అడుగు పొడవు మందపాటి కేబులు వేశాక ఆ బాధ తీరింది. మెమరీ కార్డుల బాధ అంతకంటే పెద్దది. కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే అందులోని ఫైళ్ల వ్యవస్థ పాడవుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన ఆ రోజుల్లో కరెంటు వస్తూ పోతూ ఉండగా రెండో కార్డు పోయింది. మొదటిది అంతకుముందే పోయింది. ఒక దుకాణంలో చవకగా దొరికిన ఆ కార్డు మీద 32 జీబీ అని ముద్రించి ఉన్నా, లోపల అందులో సగం కూడా లేదు. రాతలన్నీ కార్డు మీదికి కాక బోర్డు సొంత మెమరీలోకి వెళ్లేలా ఓవర్‌లే పద్ధతి పెట్టిన తరువాత ఇంకో కార్డు పోలేదు.

2023లో రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ కూడా కొన్నాను. నాలుగు కోర్లు ఉండటం వల్ల వేగం స్పష్టంగా పెరిగింది, మెమరీ మాత్రం అదే 512 ఎంబీ. మా మేనల్లుడి చదువుకు కంప్యూటరుగా పనికొస్తుందని తెరకు తగిలించి ఇస్తే, బ్రౌజరులో రెండో పేజీ తెరిచేలోపు వాడు లేచి ఆటకు వెళ్లిపోయాడు. పిల్లలకు కంప్యూటరుగా దీన్ని కొనవద్దు. ఆ డబ్బుకు మరికొంత కలిపి పాత ల్యాప్‌టాప్ చూసుకోవడం మేలు.

ధరలు ఎప్పుడూ దిగుతూనే ఉంటాయని అనుకోవడానికీ లేదు. చిప్‌ల కొరత నడిచిన 2021, 2022లలో జీరో దొరకడమే గగనమైంది. 2025 డిసెంబరులో మెమరీ ఖరీదు పెరిగిందని 16 జీబీ మెమరీ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 5 బోర్డు ధరను 120 డాలర్ల నుంచి 145కు పెంచారు. అడుగున మాత్రం ఇంకా చవకైన దారి ఒకటి ఉంది. 2022లో అదే సంస్థ నుంచి 6 డాలర్లకు వచ్చిన పికో డబ్ల్యూ కంప్యూటరు కాదు, మైక్రోకంట్రోలరు, అంటే అప్పజెప్పిన ఒక్క పనినే చేసుకుపోయే చిన్న చిప్ ఉన్న బోర్డు. దానికి కార్డూ లేదు, ఆపరేటింగ్ సిస్టమూ లేదు, కరెంటు పోయి వస్తే రెండు క్షణాల్లో తన పని తాను మొదలుపెడుతుంది. ట్యాంకు పనికి మొదట్నుంచీ కావలసింది ఇదేనని ఆలస్యంగా గ్రహించి, రెండేళ్ల కిందట మార్చేశాను. ఖాళీ అయిన ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కేబులు దూరే రంధ్రానికి మైనం అద్దాను. రెండు వేసవులు దాటాయి, లోపల ఒకసారి బల్లి గుడ్లు తప్ప వేరే ఇబ్బంది కనిపించలేదు.

పాత జీరో డబ్ల్యూ ఇప్పుడు వైఫై రౌటరు పక్కన కూర్చుని ఇంట్లోని ఫోన్లకు వచ్చే ప్రకటనలను ఆపుతోంది. ఒక వాటుకు అటూ ఇటూగా వాడుతుంది కాబట్టి నెలంతా నడిచినా ఒక యూనిట్ కాలదు. పోయిన ఆ ఒక్క పిన్నుతో దానికి ఇక పని లేదు.