కెరీర్ ఫెయిర్ రెజ్యూమేకు ఓవర్‌లీఫ్: ఒక సమీక్ష

బెంగళూరులో ఇంజినీరింగ్ చదువుతూ మారతహళ్లి పీజీల్లో ఉండే మన తెలుగు విద్యార్థులు, కాలేజీలో కెరీర్ ఫెయిర్ తేదీ ప్రకటించగానే సీనియర్ల దగ్గరున్న వర్డ్ ఫైలు తెచ్చుకుని, పేరూ మార్కులూ మార్చి, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోవడం ఆనవాయితీగా మారింది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి, చివర్లో వివరాలన్నీ నిజమనే ప్రకటన, దాని కింద సంతకం ఆ ఫైలులో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటాయి, ప్రాజెక్టుకు మాత్రం ఒక్క వరుస మిగులుతుంది. ఈ పద్ధతిని వదిలించాలన్న ఉద్దేశంతోనే మా జూనియర్లకు నేను ఓవర్‌లీఫ్‌ను సూచిస్తున్నాను.

2012లో రైట్‌లేటెక్ పేరుతో మొదలైన ఈ సేవ, పరిశోధనా పత్రాలు రాసేవారికి అలవాటైన, కోడ్ రాసి పత్రాన్ని తయారుచేసే లేటెక్‌ను ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోకుండా బ్రౌజరులోనే వాడుకునే వీలు కల్పిస్తుంది. ఎడమవైపు కోడ్, కుడివైపు పీడీఎఫ్ ఉంటాయి. రీకంపైల్ నొక్కగానే మార్పు కనిపిస్తుంది. ఒక పేజీ రెజ్యూమేకు ఉచిత ఖాతా సరిపోతుంది.

గ్యాలరీలో టెంప్లేట్లకు కొదవ లేదు గానీ, ఎంపికలో జాగ్రత్త అవసరం. రెండు నిలువు వరుసలు, ఫొటో, నైపుణ్యాలకు చుక్కల రేటింగులు ఉన్నవి చూడముచ్చటగా ఉన్నా, కంపెనీలు రెజ్యూమేలను వడపోయడానికి వాడే సాఫ్ట్‌వేర్ వాటిలోని విషయాన్ని తప్పు వరుసలో చదివే ప్రమాదం ఉంది. ఒకే నిలువు వరుస ఉన్న సాదా టెంప్లేటు తీసుకుని, తయారైన పీడీఎఫ్‌లోని పాఠాన్ని మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడాలి. ఫైనల్, సర్టిఫికెట్ వంటి ఇంగ్లిష్ మాటల్లో ఎఫ్, ఐ అక్షరాలు కలిసి ఒకే గుర్తుగా మారి అక్కడ విరిగినట్టు కనిపిస్తే, టెంప్లేటులో, పీడీఎఫ్‌లోని అక్షర రూపాలను మామూలు అక్షరాలుగా చదివించే గ్లిఫ్-టు-యూనికోడ్ ఫైలును పిలిచే వరుస ఉందో లేదో చూసుకోవాలి.

కొత్తవారికి అసలు ఇబ్బంది గుర్తులతోనే వస్తుంది. ఇంటర్ మార్కులు 94% అని మామూలుగా టైపు చేస్తే, లేటెక్ ఆ గుర్తు తర్వాత వరుసలో ఉన్నదాన్నంతా వ్యాఖ్యగా భావించి వదిలేస్తుంది. పక్కన రాసిన కాలేజీ పేరు పీడీఎఫ్‌లో మాయమవుతుంది, లేదా ముగింపు బ్రాకెట్ కూడా అందులో కలిసిపోయి కంపైల్ ఆగిపోతుంది. సీ షార్ప్ (C#) అనే ప్రోగ్రామింగ్ భాష పేరులోని # గుర్తు, కంపెనీ పేర్లలోని & గుర్తు, గిట్‌హబ్ యూజర్‌నేమ్‌లోని అండర్‌స్కోర్ కూడా ఇలాగే మొరాయిస్తాయి. అండర్‌స్కోర్ దగ్గరైతే డాలర్ గుర్తు లోపించిందనే సందేశం వస్తుంది కాబట్టి, లేటెక్ తెలియని విద్యార్థికి తప్పు ఎక్కడుందో అంతుపట్టదు. వీటన్నింటికీ ముందు ఒక బ్యాక్‌స్లాష్ (\) పెడితే చాలు. ఇంత చిన్న విషయాన్ని టెంప్లేటు మొదట్లోనే రాసి ఉంచితే ఎందరికో శ్రమ తప్పేది.

కాగితం సంగతి కూడా చూసుకోవాలి. బాగా ప్రచారంలో ఉన్న టెంప్లేట్లలో కొన్ని అమెరికా లెటర్ కొలతలో ఉంటాయి. మన షాపుల్లో ఏ4 మీద తీస్తే అంచులు అటూఇటూ అవుతాయి గనుక, మొదటి వరుసలోనే కాగితం కొలతను ఏ4గా మార్చుకోవాలి.

నాకు ఎక్కువగా నచ్చినది ప్రాజెక్టును కాపీ చేసుకునే సౌకర్యం. డేటా ఉద్యోగాలకు ఒక ప్రతి, వెబ్ డెవలప్‌మెంట్‌కు మరో ప్రతి ఉంచుకుని, ప్రాజెక్టుల క్రమాన్ని మార్చినా అచ్చు పొందిక చెదరదు. వర్డ్‌లో ఒక్క వరుస జరిపితే పేజీ అంతా కదిలిపోయే బాధ ఇక్కడ లేదు.

అయితే పేజీ ఎంత పొందికగా వచ్చినా, అందులో రాయవలసిన విషయాన్ని ఓవర్‌లీఫ్ ఇవ్వదు. ‘పైథాన్‌తో అటెండెన్స్ ప్రాజెక్టు చేశాను’ అనే అర్థం వచ్చే వరుస ఏ టెంప్లేటులో ఉన్నా బలహీనమైనదే. ముఖాన్ని గుర్తించి హాజరు వేసే అప్లికేషన్ అని, చిత్రాలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీ వాడామని, నలుగురి బృందంలో డేటాబేస్ భాగం తనదని, ఎంతమంది విద్యార్థులతో పరీక్షించారో అని రాస్తే, ఫెయిర్‌లో స్టాల్ దగ్గర నిలబడి కాగితం చూసే వ్యక్తికి అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. రాసిన ప్రతి సంఖ్యకూ ఆ క్షణంలోనే జవాబు చెప్పగలగాలి గనుక, చేయని పనిని అందులో చేర్చకూడదు.

ఫెయిర్‌కు కొన్ని రోజుల వ్యవధి ఉండి, కోడ్ చూసి బెదరని విద్యార్థులకు దీన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. రేపు ఉదయమే స్టాళ్ల ముందు నిలబడవలసినవారు మాత్రం ఈ రాత్రి లేటెక్ నేర్చుకోవడానికి కూర్చోకుండా, గూగుల్ డాక్స్‌లో ఒక సాదా పేజీ రాసుకుని, మిగిలిన సమయాన్ని తమ ప్రాజెక్టుల గురించి నోటితో చెప్పడం సాధన చేయడానికి కేటాయించుకోవడం మేలు.