పసిపిల్లల రక్షణ సెట్టు: గడియలు, పట్టీలు మేలు, గేటు మెట్ల పైన వద్దు

ఈ సెట్టులో డబ్బు పెట్టదగ్గవి రెండే: అల్మరాలకు వేసే అయస్కాంతపు గడియలు, బీరువాను గోడకు కట్టే పట్టీలు. గేటు మంచిదే, అయితే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టాలి. మూలలకు తొడిగే ఫోమ్ ముక్కలు, సాకెట్ మూతలు లేకపోయినా నష్టం లేదు. దీన్ని తెప్పించింది మా అమ్మాయి. పగలంతా మనవరాలు నా దగ్గరే ఉంటుంది కాబట్టి వీటిని రోజంతా తీసేదీ మూసేదీ నేనే. పిల్ల ఇప్పుడు దేన్నైనా పట్టుకుని లేచి నిలబడుతోంది.

గేటుకు మరలు అక్కర్లేదు. రెండు వైపులా రబ్బరు బిళ్ళలున్న బోల్టులను తిప్పి బిగిస్తే గోడల మధ్య ఒత్తిడితో నిలబడుతుంది. వంటగది గుమ్మానికి చక్కగా సరిపోయింది. కానీ పెట్టె మీది బొమ్మలో ఇదే గేటును మెట్ల పై అంచున నిలబెట్టి చూపించారు. లోపలి కాగితంలో మాత్రం చిన్న అక్షరాలతో అక్కడ వాడవద్దని రాశారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. బొమ్మ చూసి కొనేవాళ్ళందరూ ఆ కాగితం చదువుతారా?

ఒత్తిడితో నిలిచే గేటును పిల్లలు రోజూ పట్టుకుని ఊపుతుంటే బోల్టులు వదులవుతాయి. గుమ్మంలో ఊడితే బిడ్డ పక్క గదిలోకి పడుతుంది, మెట్ల పైన ఊడితే మెట్ల మీదుగా కిందకు పడుతుంది. పైగా ఇలాంటి గేటుకు అడుగున ఒక అడ్డకమ్మీ ఉంటుంది. బిడ్డను చంకనెత్తుకుని వచ్చే మనిషికి తన పాదాలు కనబడవు. ఆ కమ్మీ కాలికి తగిలితే ఇద్దరూ పడతారు. మెట్ల పైన గోడకు మరలతో బిగించే గేటే కావాలి. దానికి అడుగున కమ్మీ ఉండకూడదు, తలుపు మెట్ల వైపు తెరుచుకోకూడదు. ఇంకో మాట: గేటు ఎత్తు బిడ్డ ఎత్తులో నాలుగింట మూడు వంతుల కన్నా తక్కువైన రోజున దాన్ని తీసేయాలి. ఆ తర్వాత పిల్లలు దాన్ని ఎక్కి దూకగలరు.

గేటు గడియను బొటనవేలితో నొక్కి, పైకి లేపి తోయాలి. కీళ్ళ నొప్పులున్న నా వేళ్ళకు అది బిగుతుగానే ఉంది, కానీ ఒక్క చేత్తో తీయగలుగుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళుంటే కొనేముందు వాళ్ళ చేత తీయించి చూడండి, అదీ రెండో చేతిలో ఏదైనా బరువు పెట్టి. గడియ మొరాయిస్తే ఎవరో ఒకరు గేటు దాటి వెళ్ళడం మొదలుపెడతారు, లేదంటే తెరిచి వదిలేస్తారు. ఇలాంటి వస్తువులు తయారుచేసేవాళ్ళు పిల్లల వేళ్ళ గురించి ఆలోచించినంతగా మా వేళ్ళ గురించి ఆలోచించడం లేదు.

అయస్కాంతపు గడియలు మాత్రం నాకు నిజంగా నచ్చాయి. గడియ తలుపు లోపల ఉంటుంది, బయటికి ఏమీ కనబడదు. అయస్కాంతపు తాళంచెవిని బయట సరిగ్గా ఆ చోట పెడితే టక్కున విడిపోతుంది. పీకి చూడటానికి ఏమీ కనబడకపోవడంతో మా మనవరాలు ఒకటి రెండుసార్లు తలుపు లాగి ఊరుకుంది. జిగురుతో అంటించిన గడియను ఒక రోజంతా కదపకుండా ఉంచితేనే గట్టిగా పట్టింది. చెక్క తలుపులైతే మరలు వేయించడం మేలు. మరీ మందమైన తలుపుకు అయస్కాంతం పనిచేయదు, కొలిచి చూసుకోండి. తాళంచెవిని పిల్లలకు అందని ఎత్తులో ఒకే చోట పెట్టండి, రెండోది విడిగా దాచండి.

ఆ గడియల వెనక ఏముండాలో కూడా చెప్పాలి. బట్టలు ఉతికే రంగురంగుల డిటర్జెంట్ గుళికలు పసివాళ్ళ కళ్ళకు మిఠాయిల్లాగే ఉంటాయి. అవి, గొట్టాలు శుభ్రం చేసే ద్రావకాలు నేను గడియ వేసిన అల్మరాలోనే ఉంచుతాను. మందులు గడియతో పాటు ఎత్తులో కూడా ఉండాలి. అన్నిటికన్నా నాకు భయం గుండ్రటి చిన్న బ్యాటరీలంటే. రిమోట్లలో, బరువు తూచే యంత్రాల్లో, పాటలు పాడే బొమ్మల్లో ఉంటాయి. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని, తడి తగిలి విద్యుత్తు పారి, క్షారం పుట్టి రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చేస్తుంది. మింగిందేమోనని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

గోడ పట్టీల గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. సొరుగుల బల్ల పిల్లల బరువుకు పడుతుందా అనిపిస్తుంది. కానీ వాళ్ళు కింది సొరుగులు లాగి వాటినే మెట్లుగా చేసుకుని ఎక్కుతారు, దాంతో బరువంతా ముందుకు వచ్చి బల్ల వాళ్ళ మీదే పడుతుంది. అమెరికాలో దీనికోసం 2022లో చట్టం చేశారు. బట్టల సొరుగుల బల్లలు దాదాపు 27 కిలోల వరకు బరువున్న పిల్లలు ఎక్కినా ఒరగకుండా నిలవాలని ఇప్పుడక్కడి పరీక్ష. ఈ సెట్టులోని పట్టీలు గట్టివే. వాటితో ఇచ్చిన పొట్టి మరలు మాత్రం గోడలో నిలవలేదు. మీ గోడకు తగిన ప్లాస్టిక్ ప్లగ్గులు, పొడవాటి మరలు విడిగా కొనుక్కోండి. టీవీకి కూడా ఒక పట్టీ వేయండి.

మూలల ఫోమ్ తొడుగులను పిల్ల పీకి కొరికింది. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా గొంతుకు అడ్డుపడవచ్చు. కొరికిన తొడుగు ముక్క అంతకన్నా చిన్నది. అన్నీ ఊడదీసి, అవి తొడిగిన బల్లనే వేరే గదిలో పెట్టించాను. సాకెట్ మూతలదీ అదే గొడవ: గోరుతో లాగితే వస్తాయి, వచ్చాక నోట్లోకే వెళ్తాయి. బ్రిటన్ ప్రమాణంలో 1947 నుంచే సాకెట్ రంధ్రాలకు లోపల షట్టర్లు ఉన్నాయి. ప్లగ్గు పెడితేనే అవి తెరుచుకుంటాయి. మేమూ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, పిల్లకు అందే ఎత్తులో ఉన్న సాకెట్లన్నీ షట్టర్లున్నవాటితో మార్పించాం.