వైరున్న సైకిల్ మీటరు: తెగినా బాగుపడేది

కొన్నేళ్లుగా నల్లగొండ చుట్టుపక్కల రోడ్ల మీద వేగం, దూరం చూపే వైరున్న మీటరును ఒక సైకిలుకు, వైరు లేని మీటరును ఇంకో సైకిలుకు బిగించి వాడుతున్నాను. ఖచ్చితత్వంలో ఈ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా నాకు కనపడలేదు. రెండూ స్పోకుకు బిగించిన అయస్కాంతం సెన్సరును దాటిన ప్రతిసారీ ఒక చుట్టు లెక్కపెట్టి, మనం ఇచ్చిన చక్రం చుట్టుకొలతతో గుణించేవే. 700×28 టైరుకు (28 అంటే మిల్లీమీటర్లలో దాని వెడల్పు) 2136 మిల్లీమీటర్లు పెట్టవలసిన చోట 23 వెడల్పు టైరుకు సరిపోయే 2096 పెడితే, 100 కిలోమీటర్లకు దాదాపు 2 కిలోమీటర్లు తక్కువ చూపే లోపం రెండింటికీ ఒకేలా వస్తుంది. అందువల్ల పాడైన రోజున దాన్ని ఎవరు, ఎక్కడ బాగుచేయగలరన్నదే నా దృష్టిలో అసలు తేడా, ఆ లెక్కన నాకు వైరున్న మీటరంటేనే మక్కువ.

ఆ మక్కువ ఒక యాసంగి కోతల కాలంలో ఏర్పడింది. మిర్యాలగూడ నుంచి నిడమనూరు మీదుగా హాలియా వెళ్లే దారి సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోనిది కాబట్టి, కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, వాటి మీదికి బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. మిగిలిన సగంలోనే లారీలు, ట్రాక్టర్లు, మనం సర్దుకోవాలి. ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇవ్వడానికి పక్కకు జరిగినప్పుడు, ఏదో ట్రాక్టరు నుంచి జారిపడిన వరిగడ్డి ముందు చక్రానికి చుట్టుకుని, ఫోర్కు వెంట ప్లాస్టిక్ ట్యాగులతో కట్టి ఉన్న వైరును కూడా లాక్కుపోయింది. సెన్సరుకు నాలుగు వేళ్ల పైన వైరు పుటుక్కున తెగింది, మీటరు మీద వేగం సున్నా అయింది. మీటరును దాని పీట నుంచి ఊడదీసి, వెనక ఉన్న రెండు లోహపు చుక్కలను తాళంచెవితో ఒకేసారి తాకిస్తూ, తీస్తూ చూస్తే తెర మీద వేగం అంకెలు కదిలాయి. అంటే మీటరు బాగానే ఉంది, లోపమంతా వైరుదే.

హాలియాలో బోరు మోటార్ల స్టార్టర్లు, మిక్సీలు బాగుచేసే ఒక చిన్న కొట్టుకు సైకిలును నడిపించుకుంటూ వెళ్లాను. కొట్టాయన సైకిలు మీటరును చూడటం అదే మొదటిసారట. అయినా అతను తొందరపడలేదు. సెన్సరు వైపు మిగిలిన రెండు తీగల కొనలను ఒలిచి, మల్టీమీటరు పుల్లలు ఆనించి, చక్రాన్ని మెల్లగా తిప్పమన్నాడు. అయస్కాంతం సెన్సరు ముందుకు వచ్చినప్పుడల్లా మల్టీమీటరు కూత పెట్టింది. “ఇండ్ల ప్లస్సు మైనస్సు ఏం లేదు సార్, గిది ఉట్టి స్విచ్చే. ఎట్ల కలిపినా నడుస్తది” అన్నాడు. నిజంగానే ఆ సెన్సరు లోపల సన్నని గాజు గొట్టంలో రెండు లోహపు రేకులు తప్ప మరేమీ ఉండదు, అయస్కాంతం దగ్గరికి వస్తే అవి ఒకదానికొకటి తగులుతాయి, దూరం జరిగితే విడిపోతాయి. సెల్లు గానీ, సర్క్యూటు గానీ అక్కడ లేదు కనుక చెడిపోవడానికీ పెద్దగా ఏమీ లేదు. అతను తీగలను మెలిపెట్టి, టంకం వేసి, పైన స్లీవు తొడిగి అగ్గిపుల్లతో వేడిచేసి బిగించాడు, ఫోర్కు మలుపు దగ్గర వైరు కొంచెం వదులుగా ఉండాలని తనే చెప్పి కట్టాడు. ఆ అతుకు ఇప్పటికీ నిలిచే ఉంది, దాని తరువాత రెండు వానాకాలాలు గడిచాయి.

వైరు లేని దానితో నాకున్న పేచీ వేరు. అది మొరాయించినప్పుడు కారణం కంటికి కనపడదు. హ్యాండిల్‌కు చవక రకం ఎల్‌ఈడీ లైటు తగిలించుకున్న తరువాత, రైల్వే గేటు దగ్గర ఆగి ఉన్నా తెర మీద అంకెలు పరుగులు తీయడం మొదలుపెట్టాయి, ఆ పూట గరిష్ఠ వేగం చూసి ఇంట్లోవాళ్లు నవ్వారు. పాత అనలాగ్ రకాల, అంటే సెన్సరుకు విడి గుర్తింపు లేని వైరు లేని మీటర్ల, సంకేతం చాలా బలహీనమైనది, ముప్పావు మీటరుకు మించి అందదు. లైటులోని సర్క్యూటు పుట్టించే విద్యుత్ రొద దాన్ని సులువుగా కమ్మేస్తుంది. లైటును హ్యాండిల్ రెండో కొసకు జరిపితే చాలావరకు సర్దుకుంది గానీ, సాగర్ రోడ్డులో పెద్ద టవర్ల లైన్ల కింద అప్పుడప్పుడూ పాత అలవాటు చూపిస్తూనే ఉంది. పానగల్లు వైపు అదే రకం మీటరున్న మిత్రుడి పక్కన తొక్కితే ఇద్దరి చక్రాలనూ కలిపి లెక్కవేసిన సందర్భాలూ ఉన్నాయి. సెన్సరులోని సెల్లు నీరసించినప్పుడైతే అది చెప్పకుండా మధ్యమధ్యలో చుట్లు వదిలేస్తుంది, కిలోమీటరు రాళ్లతో పోల్చుకుంటే తప్ప దూరం తగ్గిందని తెలియదు. మే నెల ఎండలో తెర నల్లబడటం మాత్రం రెండింటికీ ఉన్నదే, నీడకు చేరితే మామూలవుతుంది.

వైరున్న మీటరు వానాకాలాలు దాటిందని పైన రాశాను గానీ, ఆ దాటడం పూర్తిగా దాని గొప్పతనం కాదు. వాన వెలిసినప్పుడల్లా మీటరు వెనక చుక్కలనూ, పీట మీది పిన్నులనూ పెన్సిలు రబ్బరుతో రుద్దకపోతే పచ్చటి చిలుము పట్టి రీడింగు ఆగిపోతుంది. ఆ రుద్దే పని నాకు అలవాటైంది కాబట్టి ఇబ్బంది అనిపించదు, అందరికీ అలా ఉండకపోవచ్చు. అతుకు పడిన చోట వైరు బిరుసెక్కింది, అందుకే సైకిలును కారు వెనక కట్టి తీసుకువెళ్లేటప్పుడు ముందు చక్రం విప్పాలంటే జంకుతాను. హ్యాండిల్ ఎత్తు పెంచుదామంటే వైరు పొడవు చాలలేదు. మీటరును రెండో సైకిలుకు మార్చాలంటే ఇంకో పీట, వైరు, సెన్సరు కలిపి కొనాలి, దాని ధర దాదాపు కొత్త మీటరు ధరంత ఉంది.

నేను ఎక్కువగా ఒకే సైకిలు తొక్కుతాను, ఏ దారిన వెళ్లినా అరగంట దూరంలో మోటారు మెకానిక్కు ఉండే ఊళ్లలో తిరుగుతాను, వేగం, దూరం తప్ప మరేదీ చూడను. ఇలాంటి వాడికి వైరున్నదే నయమని నా అనుభవం. పెడల్ చుట్లు, గుండె వేగం కూడా కావాలనుకునేవారు, రెండు మూడు సైకిళ్లు మార్చేవారు వైర్ల జోలికి పోకపోవడమే మేలు. వాళ్లు పాత అనలాగ్ రకాన్ని పక్కన పెట్టి, ఒక్కో సెన్సరుకు విడి గుర్తింపు ఉండే బ్లూటూత్ లేదా యాంట్ ప్లస్ (అలాంటిదే మరో వైరు లేని పద్ధతి) రకం చూసుకుంటే పక్కవాడి చక్రం మన లెక్కలో కలిసే బాధ ఉండదు. వైరు లేనిది ఏది కొన్నా సెన్సరులో 2032 రకం బిళ్ల సెల్లు పడుతుందా అని ముందే అడగడం మంచిది. అది గడియారాల కొట్లో దొరుకుతుంది, కొన్ని పాత సెన్సర్లలో వాడే చిన్న 12 వోల్టుల సెల్లుకైతే కారు రిమోట్లు బాగుచేసేవాళ్లను వెతుక్కోవాలి.