ఎమర్జెన్సీలో మొదటి పది నిమిషాలు బాగుంటాయి, ఆ తరువాతి గంటలే బాగుండవు

విజయవాడలోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి మా కుటుంబం కొన్నేళ్లుగా వెళ్తోంది. ఒక్కసారి వెళ్లి విసిగిపోయి రాస్తున్న అభిప్రాయం కాదిది. మా అమ్మగారికి సీఓపీడీ ఉంది, అంటే ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకై ఊపిరాడని దీర్ఘకాలిక జబ్బు. ఆవిడ ఏనాడూ పొగ తాగలేదు కానీ, ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చేవరకు గాలి ఆడని వంటింట్లో కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఆ పొగనంతా పీల్చారు. డ్యూటీ డాక్టరు మారినప్పుడల్లా "సిగరెట్, చుట్ట అలవాటుందా?" అని అడుగుతారు, మేము మళ్లీ పొయ్యి సంగతి చెబుతాం. ధనుర్మాసపు చలి ముదిరాక, ముఖ్యంగా భోగి రోజుల్లో వీధంతా పొగ కమ్మినప్పుడు, ఆయాసం ఇంట్లో మందును ఆవిరిలా పీల్పించే నెబులైజర్‌కు లొంగదు. అప్పుడు ఆసుపత్రి తప్ప దారి లేదు.

ముందుగా బాగున్నవి చెప్పడం న్యాయం. కారు గుమ్మం ముందు ఆగగానే వార్డుబాయ్‌లు స్ట్రెచరో వీల్‌చైరో తెస్తారు. ట్రయాజ్ (వచ్చిన రోగులను తీవ్రతను బట్టి వేరుచేసే చోటు) దగ్గర సిస్టర్ నాడి, బీపీ, ఆక్సిజన్ సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూసి, రోగి స్థితిని బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఒక పట్టీ చేతికి కడుతుంది. డబ్బు గురించి ఎవరూ మాట్లాడకముందే నెబులైజేషన్ మొదలవుతుంది. ముందు వచ్చినవారిని కాక ముందు ప్రాణాపాయం ఉన్నవారిని చూడడమే ఈ రంగుల ఉద్దేశం, అది సరైన పద్ధతి. హైవే మీద ప్రమాదం జరిగి నెత్తురోడుతున్న మనిషిని 108లో తెచ్చినప్పుడు మా వంతు వెనక్కి వెళ్లిందని మేము ఎన్నడూ గొడవ పడలేదు, పడకూడదు కూడా.

నా అభ్యంతరం ఆ పట్టీని ఒకసారి కట్టి వదిలేయడం మీద. వచ్చిన క్షణంలో రోగి ఎలా ఉన్నారో ఆ రంగు చెబుతుంది, గంట తరువాత ఎలా ఉంటారో చెప్పదు. పసుపు పట్టీ కట్టించుకున్నవారిని కొంత వ్యవధికి ఒకసారి మళ్లీ పరీక్షించి, అవసరమైతే ఎరుపులోకి మార్చినప్పుడే ట్రయాజ్ అనే ఏర్పాటుకు అర్థం ఉంటుంది. ఈ ఆసుపత్రిలో ఆ రెండో పరీక్ష ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారన్న దాని మీద ఆధారపడుతోంది.

మొన్నటి చలికాలంలో జరిగినది చెబితే ఇది స్పష్టమవుతుంది. అర్ధరాత్రి దాటాక తీసుకెళ్లాం, పసుపు పట్టీ కట్టారు, మాస్క్ పెట్టి ఆక్సిజన్ ధారాళంగా వదిలారు, గోడ పక్కన వీల్‌చైర్‌లోనే ఉంచారు. కాసేపటికి అమ్మగారు మాట్లాడడం తగ్గించి మగతలోకి జారుకున్నారు. నేను పిలిస్తే సిస్టర్ మానిటర్ చూసి, "మామ్మగారు నిద్రపోతున్నారు మేడం, సాచురేషన్ 98 ఉంది, కంగారు పడకండి" అంది. సీఓపీడీ ముదిరిన రోగుల్లో కొందరికి ఆ 98 మంచి అంకె కాదు. వారికి సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య ఉండేలా మాత్రమే ఆక్సిజన్ ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఎక్కువ ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత, అయోమయం కలుగుతాయి, అశ్రద్ధ చేస్తే రోగి స్పృహ కోల్పోతారు. వేలికి తగిలించే పరికరం ఆక్సిజన్‌ను చూపిస్తుంది కానీ కార్బన్ డయాక్సైడ్‌ను చూపించదు. దానికి మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి ఏబీజీ పరీక్ష చేయాలి. ఇవన్నీ మాకు ఆ ఆసుపత్రి పల్మనాలజిస్టే (ఊపిరితిత్తుల డాక్టరు) నేర్పారు, అమ్మగారి పాత డిశ్చార్జ్ సమ్మరీలో రాసి కూడా ఉంచారు. ఆ కాగితం నా చేతిలోనే ఉంది. చదివేవారు రావడానికి తెల్లవారుజాము అయింది. వచ్చిన డ్యూటీ డాక్టరు అది చూసిన వెంటనే ఆక్సిజన్ తగ్గించి, ఏబీజీ చేయించి, మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి తోడ్పడే బైపాప్ యంత్రం పెట్టారు. పొద్దెక్కేసరికి అమ్మగారు నన్ను గుర్తుపట్టి మంచినీళ్లు అడిగారు. ఆయన పనితనం మీద నాకు గౌరవమే ఉంది, ఆయన ఒక్కరే ఆ రాత్రి ఆ హాలు మొత్తాన్ని చూసుకుంటున్నారు.

ఆ తరువాతి నిరీక్షణ ఐసీయూ పడక కోసం. "పైన బెడ్ ఖాళీ కావాలి" అన్న మాట తప్ప మరో వివరం దొరకలేదు. ఎమర్జెన్సీలో ఆలస్యానికి మూలం తరచుగా ఎమర్జెన్సీలో ఉండదు. వార్డులో డిశ్చార్జ్ రాసిన రోగి బిల్లు తేలక కదలరు, ఐసీయూలో కోలుకున్నవారికి ఆ వార్డు పడక దొరకదు, ఆ వరుస చివర కింద హాల్లో మాలాంటివారు ఆగిపోతారు. డిశ్చార్జ్ సమయంలో తుది అనుమతిని మూడు గంటల్లో, క్యాష్‌లెస్ తొలి అనుమతిని ఒక గంటలో బీమా సంస్థలు ఇవ్వాలని బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. కానీ ఆసుపత్రి కాగితాలు పంపితేనే కదా ఆ గడియారం మొదలయ్యేది! రాత్రి పూట ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఒక్క ఉద్యోగి ఉంటారు, ఆయన బిల్లింగ్ కౌంటర్ కూడా చూస్తారు. అనుమతి వచ్చేలోగా అడ్వాన్స్ కడితేనే పైకి పంపుతామన్నారు, కట్టాం. కట్టలేనివారు అక్కడే మా పక్కన ఉన్నారు. లాంఛనాల కోసం ఆగకుండా ప్రాణం కాపాడడం ప్రతి వైద్యుడి బాధ్యత అని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే చెప్పింది. ఈ ఆసుపత్రి తొలి చికిత్స వరకు ఆ మాటను పాటిస్తోంది, ఐసీయూ గడప దగ్గర మాత్రం రసీదు అడుగుతోంది.

కుర్చీలు చాలవు, మరుగుదొడ్డి ఫరవాలేదు, మందుల షాపు రాత్రంతా తెరిచే ఉంటుంది.

తరువాత రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ఆసుపత్రి వారు పిలిపించి ఓపిగ్గా విన్నారు, పట్టీ మీద మళ్లీ పరీక్షించవలసిన సమయం రాస్తామన్నారు. ఆ తరువాత వెళ్లినప్పుడు సమయం రాసి ఉంది, ఆ సమయానికి సిస్టర్ వచ్చింది కూడా. ఇంకోసారి వెళ్తే రాసి ఉంది కానీ ఎవరూ రాలేదు, నేనే వెళ్లి పిలుచుకురావలసి వచ్చింది. పక్కన మనిషి లేని ముసలివారి సంగతి ఏమిటని ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది.

అయిదు మార్కులకు నేను ఇచ్చేది రెండున్నర. పల్మనాలజిస్టు, మొదటి పది నిమిషాలు, బైపాప్ సౌకర్యం ఆ రెండున్నరకు కారణం. ఊపిరితిత్తుల రోగిని అక్కడికి తీసుకెళ్లేవారు పాత డిశ్చార్జ్ సమ్మరీని, చివరి ఏబీజీ రిపోర్టును ఫైలులో అన్నిటికంటే పైన ఉంచుకోండి. ఆక్సిజన్ ఎంత ఉండాలో రాసిన వాక్యం కింద గీత గీయించి, ట్రయాజ్ దగ్గరే సిస్టర్‌కు చూపించి కేస్ షీట్‌లో ఎక్కించమనండి. మగత కనిపిస్తే నిద్ర అనుకోవద్దు, డాక్టరును పిలిచి ఏబీజీ చేయమని అడగండి.